హే-ఆన్-వై ఎవరి ఊరు? పుస్తకాల పట్టణం వెనకున్న సరిహద్దు, వ్యాపారం, నది

ఏటా మే నెలాఖరుకి బ్రిటన్ పత్రికల్లో హే-ఆన్-వై పేరు మోగిపోతుంది. రచయితలు, శాస్త్రవేత్తలు, మాజీ దేశాధ్యక్షులు ఒక పొలంలో వేసిన పెద్ద పెద్ద టెంట్లలో మాట్లాడుతుంటారు, జనం టికెట్లు కొనుక్కుని వింటుంటారు. ఈ మధ్య అదే పేరు ఇంకో కారణంగానూ వార్తల్లోకి వస్తోంది. ఊరి పక్కన పారే వై నది చచ్చిపోతోందని, దానికి కోళ్ల ఫారాలే కారణమని గొడవ నడుస్తోంది.

ఇన్నిసార్లు వినిపించే పేరే అయినా దాని చుట్టూ గందరగోళం తక్కువేం లేదు. కొందరు దాన్ని ఇంగ్లండ్ ఊరంటారు, కొందరు వేల్స్ అంటారు. తరతరాలుగా సాహిత్యంలో మునిగి తేలిన ఊరని చాలామంది అనుకుంటారు. అక్కడి పుస్తకాల దుకాణాలు, ఉత్సవం ఒకటేనని ఇంకొందరి అభిప్రాయం. ఒకప్పుడు ఆ ఊరు స్వతంత్ర రాజ్యంగా ప్రకటించుకుందన్న కబురు కూడా ఉంది. వీటిలో ఏది ఎంతవరకు నిజమో తేలాలంటే ముందు ఆ ఊరు ఎక్కడుందో చూడాలి.

సరిహద్దు నది కాదు, పక్కనున్న వాగు

హే-ఆన్-వై వేల్స్‌లోని పవిస్ కౌంటీలో ఉంది. జనాభా సుమారు 1,600. మన లెక్కలో ఓ మోస్తరు పల్లెటూరు. కానీ కోట, సంత, గడియార స్తంభం, సొంత టౌన్ కౌన్సిల్ ఉన్నాయి కాబట్టి అక్కడ దాన్ని పట్టణమనే అంటారు. వెల్ష్ భాషలో దాని పేరు అ గెల్లి. బన్నై బ్రఖేనియోగ్ జాతీయ పార్కుకి ఈశాన్య మూలన ఉంటుంది. ఆ పార్కునే 2023 ఏప్రిల్ దాకా బ్రెకన్ బీకన్స్ అని ఇంగ్లిష్ పేరుతో పిలిచేవారు.

వై నది పుమ్‌లుమోన్ కొండల్లో పుట్టి సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి చెప్‌స్టో దగ్గర సెవర్న్‌లో కలుస్తుంది. కింది భాగంలో చాలా దూరం అదే వేల్స్‌కీ ఇంగ్లండ్‌కీ హద్దు. అందుకే హే దగ్గర కూడా నది దాటితే ఇంగ్లండ్ వస్తుందని అనుకుంటారు. అది తప్పు. వంతెన దాటి అవతలికి వెళ్లినా వేల్స్‌లోనే ఉంటాం. అసలు సరిహద్దు ఊరికి తూర్పున పారే డలస్ అనే చిన్న వాగు. అది దాటితే క్యూసాప్ అనే గ్రామం, అది ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్‌షైర్. హే నడిబొడ్డు నుంచి అక్కడికి నడిచి వెళ్లడానికి కొద్ది నిమిషాలు చాలు. గందరగోళం పెంచడానికన్నట్టు హే పోస్టుకోడ్ కూడా హెరిఫర్డ్‌దే, హెచ్‌ఆర్ 3. కవరు మీద అడ్రసు చూసినవాడికి ఇంగ్లండ్ ఊరే అనిపిస్తుంది.

ఈ వాగు హద్దు ఎంత ఇబ్బంది పెడుతుందో 2020 చలికాలంలో తెలిసొచ్చింది. కోవిడ్ నియమాలు వేల్స్‌కి వేరు, ఇంగ్లండ్‌కి వేరు. వేల్స్ ప్రభుత్వం అక్టోబర్ 23 నుంచి నవంబర్ 9 దాకా లాక్‌డౌన్ పెట్టింది. ఇంగ్లండ్ నవంబర్ 5 నుంచి డిసెంబర్ 2 దాకా పెట్టింది. క్యూసాప్‌లో ఉంటూ హేలో పుస్తకాల షాపు నడిపే మనిషిని ఊహించుకోండి. అక్టోబర్ 23న ఇంటి దగ్గర లాక్‌డౌన్ లేదు, షాపు మాత్రం మూసెయ్యాలి. నవంబర్ 5 వచ్చేసరికి ఇల్లూ బందే, షాపూ బందే. నవంబర్ 9 తర్వాత షాపు తెరుచుకోవచ్చు కానీ, చుట్టుపక్కల ఇంగ్లిష్ ఊళ్ల నుంచి రావలసిన కొనుగోలుదార్లు ఇళ్లలోంచి కదలకూడదు. మధ్యలో ఉన్నది ఒక వాగు.

మామూలు రోజుల్లోనూ తేడాలుంటాయి. వేల్స్‌లో డాక్టరు రాసిన మందులు 2007 నుంచి ఉచితం. ఇంగ్లండ్‌లో మినహాయింపు లేనివాళ్లు ఒక్కో మందుకి డబ్బు కట్టాలి, 2024లో అది 9.90 పౌండ్లు. ఇక్కడ మెలిక ఏమిటంటే, మీ ఇల్లు ఎటువైపు ఉందన్నది ఒక్కటే కాదు, మీ డాక్టరు ఎటువైపు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఇంగ్లండ్‌లో ఉంటూ వేల్స్ డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకుని, వేల్స్ మందుల షాపులో తీసుకుంటే ఉచితమే. ఊళ్లలో బండి వేగం 2023 సెప్టెంబర్ నుంచి వేల్స్ వైపు మామూలుగా గంటకి 20 మైళ్లు, ఇంగ్లండ్ వైపు 30. ప్లాస్టిక్ సంచికి డబ్బులు అడగడం కూడా వేల్స్‌లో 2011లో, ఇంగ్లండ్‌లో నాలుగేళ్ల తర్వాత మొదలైంది.

కోట కట్టినవాళ్లు, కాల్చినవాళ్లు

ఈ ద్వంద్వం ఇవాళ్టిది కాదు. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్లు వేల్స్‌ని ఒక్కసారిగా ఆక్రమించలేదు. సరిహద్దు వెంట తమ యోధులకి భూములిచ్చి, గెలుచుకున్నంత మీదే అన్నారు. వీళ్లే మార్చర్ లార్డులు. కోట కట్టుకోవడం, కోర్టు నడపడం, పన్ను వసూలు చేసుకోవడం అన్నీ వాళ్ల చేతిలోనే. ఇంగ్లండ్ రాజు ఆజ్ఞలు ఆ భూముల్లో నేరుగా చెల్లేవి కావు. ఈ ఏర్పాటు రద్దు 1536 చట్టంతో మొదలై 1540ల కల్లా పూర్తయింది. అప్పుడే హేని బ్రెకన్ కౌంటీలో కలిపారు.

మార్చర్ కాలంలో హే ఎస్టేట్ రెండు భాగాలుగా ఉండేది. ఊరు, దాని చుట్టూ ఉన్న మంచి భూములు ఇంగ్లిష్ హే. కొండల వైపు పల్లెలు వెల్ష్ హే. ఒకే ప్రభువు కింద రెండు రకాల జనం, రెండు రకాల ఆచార చట్టాలు. కోట ఇంగ్లిష్ భాగంలో ఉండేది. దాన్ని చూసి భయపడాల్సినవాళ్లు వెల్ష్ భాగంలో ఉండేవాళ్లు.

ఆ కోటని ఇప్పటికీ స్థానికులు మోడ్ అనే ఆవిడ కట్టిందని చెప్పుకుంటారు. ఒక్క రాత్రిలో, తన ఏప్రన్‌లో రాళ్లు మోసుకొచ్చి కట్టిందట. మోస్తుంటే ఒక గులకరాయి చెప్పులో పడి గుచ్చుకుంది. విసుగొచ్చి దాన్ని నది అవతలికి విసిరేసిందట. అది వెళ్లి లోవెస్ అనే ఊరి చర్చి దగ్గర పడింది. ఆ గులకరాయిని ఇప్పటికీ చూడొచ్చు. అది మనిషి కంటే ఎత్తున్న రాతి శిలువ. మోడ్ పుట్టడానికి చాలా ముందే చెక్కింది.

అసలు మోడ్ కథ ఈ కథ కంటే భయంకరం. ఆవిడ హే ప్రభువు విలియమ్ డి బ్రవోజ్ భార్య. ఆ విలియమ్ సామాన్యుడు కాదు. 1175లో వెల్ష్ పెద్దల్ని అబర్గవెన్నీ కోటకి విందుకని పిలిచి చంపించాడు. తర్వాత ఇంగ్లండ్ రాజు జాన్‌కి బాకీపడ్డాడు. 1208లో రాజు, నీ కొడుకుల్ని నా దగ్గర జామీను పెట్టమన్నాడు. మోడ్ ఒప్పుకోలేదు. సొంత అన్న కొడుకు ఆర్థర్‌ని చంపినవాడికి నా పిల్లల్ని ఎలా అప్పగిస్తానని రాజు మనుషుల ముందే అనేసింది. నోట్లోంచి జారిన ఆ మాటకి రెండేళ్లకు ఫలితం అనుభవించింది. 1210లో పట్టుబడింది. ఆవిడనీ పెద్ద కొడుకునీ చెరసాలలో తిండి పెట్టకుండా చంపారు. భర్త ఫ్రాన్స్‌కి పారిపోయి మరుసటేడు పోయాడు. జానపదంలో మోడ్ రాక్షసిలా కనిపిస్తుంది. చరిత్రలో చూస్తే రాజుకి ఎదురు చెప్పిన ఆడమనిషిగా కనిపిస్తుంది. రెండూ ఒకే ఊరి జ్ఞాపకాలే.

ఆ తర్వాత హేకి నిప్పు అలవాటైపోయింది. 1216లో జాన్ రాజు స్వయంగా కాల్చాడు. 1231లో వెల్ష్ రాకుమారుడు లువెలిన్ కాల్చాడు. ఇంగ్లిష్ రాజూ, వెల్ష్ రాకుమారుడూ ఇద్దరూ కాల్చదగిన ఊరంటేనే అది ఎవరిదో తేలని ఊరని అర్థం. ఆ దెబ్బతో మూడో హెన్రీ కోటని బాగుచేయించి, ఊరి చుట్టూ ప్రహరీ కట్టుకోవడానికి పన్ను వేసుకోనిచ్చాడు. 1600ల్లో పాత బురుజుకి ఆనించి ఒక పెద్ద భవంతి కట్టారు. అది 1939లో ఒకసారి, 1977లో ఇంకోసారి తగలబడింది. 2011లో ఒక ట్రస్టు కొనుక్కుని మరమ్మతులు చేయించి 2022లో జనానికి తెరిచింది.

కొండ, మైదానం కలిసే చోట సంత

యుద్ధాలు పోయాక హేని నిలబెట్టింది సంత. కొండల మీది గొర్రెలు, ఉన్ని కిందికి, మైదానంలోని ధాన్యం, సరుకు పైకి. రెండూ మార్చుకునే చోటు ఇది. ఊరి మధ్యలో 1833లో కట్టిన బటర్ మార్కెట్ ఇప్పటికీ ఉంది. చిన్న గ్రీకు గుడిలా స్తంభాలతో ఉంటుంది. వెన్న అమ్ముకోవడానికి అంత హంగు ఎందుకనిపిస్తుంది! రెండేళ్ల తర్వాత దాని పక్కనే చీజ్ మార్కెట్ వచ్చింది. గురువారం సంత ఇప్పటికీ సాగుతోంది.

బొగ్గు, సున్నం కోసం 1816లో బ్రెకన్ కాలువ నుంచి హే దాకా పట్టాలు వేశారు. రైలు కాదు, పట్టాల మీద గుర్రాలు లాగే బళ్లు. 1864లో అసలు రైలొచ్చింది. హెరిఫర్డ్ నుంచి హే మీదుగా బ్రెకన్‌కి. 1962 డిసెంబర్ 31తో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు లండన్ నుంచో బర్మింగ్‌హామ్ నుంచో వెళ్లాలనుకునే మనవాళ్లు హెరిఫర్డ్‌లో రైలు దిగి, 20 మైళ్ల పైచిలుకు బస్సులో వెళ్లాల్సిందే.

1920ల్లో ఊరు లండన్ పత్రికలకెక్కింది పుస్తకాల వల్ల కాదు, ఒక హత్య కేసు వల్ల. హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే లాయరు ఆఫీసు హేలో, ఇల్లు క్యూసాప్‌లో. అంటే రోజూ దేశం దాటి పనికొచ్చేవాడన్నమాట. 1921 ఫిబ్రవరిలో భార్య చనిపోయింది. అక్టోబర్‌లో, వీధికి అవతల ఆఫీసున్న పోటీ లాయరు ఆజ్వల్డ్ మార్టిన్‌ని ఇంటికి టీకి పిలిచాడు. ఇంటికెళ్లిన మార్టిన్ వాంతులతో మంచం పట్టాడు. మార్టిన్ మామగారు ఊళ్లో మందుల షాపాయన. కలుపు మొక్కల్ని చంపడానికని ఆర్మ్‌స్ట్రాంగ్ ఆర్సెనిక్ కొనుక్కెళ్లింది ఆయన దగ్గరే. ఆయనకి అనుమానమొచ్చి డాక్టరుతో చెప్పాడు. పోలీసులు నెమ్మదిగా ఆధారాలు పోగేస్తుంటే, ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రం మార్టిన్‌ని మళ్లీ మళ్లీ టీకి పిలుస్తూనే ఉన్నాడు. రానని చెప్పడానికి కొత్త సాకులు వెతకలేక మార్టిన్ సతమతమయ్యాడు. చివరికి భార్య శవాన్ని బయటికి తీసి చూస్తే ఒంట్లో ఆర్సెనిక్ ఉంది. ఇల్లు ఇంగ్లండ్‌లో కాబట్టి విచారణ హెరిఫర్డ్‌లో జరిగింది. 1922 మే 31న ఉరితీశారు. బ్రిటన్‌లో హత్యానేరం మీద ఉరికంబమెక్కిన సొలిసిటర్ ఇతనొక్కడే. అతను నిర్దోషి అని వాదించినవాళ్లు తర్వాత కాలంలోనూ ఉన్నారు.

పుస్తకాలు ఎలా వచ్చాయి

1960ల మొదటికి వచ్చేసరికి హే పరిస్థితి అంతంతమాత్రం. రైలు పోతోంది, వ్యవసాయంలో మనుషుల అవసరం తగ్గింది, కుర్రాళ్లు ఊరు విడిచిపోతున్నారు. ఖాళీ భవనాలు చవగ్గా దొరుకుతున్నాయి. అప్పుడు దిగాడు రిచర్డ్ బూత్. 1938లో పుట్టాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, కుటుంబానికి క్యూసాప్‌లో ఇల్లుంది. 1962లో ఊరి పాత ఫైర్ స్టేషన్‌లో సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపు పెట్టాడు. తర్వాత మూతపడ్డ సినిమా హాలు కొని దాన్నీ పుస్తకాలతో నింపాడు. కోట కూడా కొన్నాడు.

సరుకు ఎక్కడిది? అప్పట్లో బ్రిటన్‌లో పెద్ద పెద్ద బంగళాల లైబ్రరీలు, కార్మిక సంఘాల లైబ్రరీలు మూతపడుతున్నాయి. అమెరికాలోనూ అంతే. బూత్ ఊరి కుర్రాళ్లని వెంటేసుకుని వెళ్లి, పుస్తకాల్ని ఏరకుండా గుత్తగా కొని, కంటైనర్లలో తెచ్చేవాడు. ఏది మంచిదో ఏది చెత్తో ఎంచేవాడు కాదు. ప్రతి పుస్తకానికీ ఎక్కడో ఒక పాఠకుడుంటాడని ఆయన నమ్మకం. ఆయన దగ్గర పనిచేసినవాళ్లు కొందరు పని నేర్చుకుని విడిగా షాపులు పెట్టుకున్నారు. 1970లు గడిచేసరికి హే అంటే పుస్తకాలు, పుస్తకాలంటే హే. ఎక్కువగా ఉన్న రోజుల్లో 40 దాకా షాపులుండేవంటారు. ఇప్పుడు 20 అటూ ఇటూ.

పోటీదార్లందరూ ఒకే ఊళ్లో ఉంటే ఎవరి కడుపు నిండుతుంది? ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. మీరు పాత వెల్ష్ రైళ్ల మీద ఒక పుస్తకం వెతుకుతున్నారు. ఒక మోస్తరు సెకండ్ హ్యాండ్ షాపులో అది దొరికే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. ఒక్క షాపున్న ఊరికెళ్తే 10 శాతం అవకాశం. దానికోసం ఎవరూ వంద మైళ్లు డ్రైవ్ చేయరు. ఐదు షాపులుంటే కనీసం ఒక చోట దొరికే అవకాశం 41 శాతం. ఇరవై ఉంటే 88 శాతం. ఇప్పుడు బండి తీయొచ్చు. అంటే పక్క షాపువాడు నా గిరాకీని తన్నుకుపోవడం లేదు, నా గుమ్మం దాకా తెచ్చిపెడుతున్నాడు. కొత్త పుస్తకాలకి ఈ లెక్క పనిచేయదు, ఎందుకంటే అందరి దగ్గరా అవే ఉంటాయి. ఒక్కో కాపీ ఒక్కో రకంగా ఉండే పాత సరుకుకే ఇది వర్తిస్తుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల కోసం తిరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ లెక్కని ఇంటర్నెట్ తిరగేసింది. 1990ల చివర్లో పాత పుస్తకాల వెబ్‌సైట్లు వచ్చాక, పేరు తెలిసిన పుస్తకం కోసం ఇరవై షాపులు తిరగాల్సిన పనిలేకుండా పోయింది. ఇంట్లో కూర్చుని నిమిషంలో ప్రపంచమంతా వెతకొచ్చు. ఇక హేకి మిగిలింది పేరు తెలియని పుస్తకం. అంటే చూశాక గానీ మనకు కావాలని తెలియనిది. కోట దగ్గర ఆరుబయట అల్మారాలు పెట్టి, పక్కన ఒక డబ్బా ఉంచారు. పుస్తకం తీసుకుని డబ్బా లో డబ్బులేసి వెళ్లడమే, కాపలా ఉండదు. అక్కడ నిలబడి తిరగేసేవాళ్లలో ఒక జాబితా పట్టుకొచ్చినవాళ్లు తక్కువ. కొన్ని షాపులు ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నాయి. కొన్ని కవిత్వం, నేరగాథలు, పిల్లల పుస్తకాలు అంటూ ఒక్క విషయానికే పరిమితమై నిలదొక్కుకున్నాయి.

రాజ్యం సంగతేమిటి

1977 ఏప్రిల్ 1న బూత్ హేని స్వతంత్ర రాజ్యంగా ప్రకటించి తనకు తాను పట్టం కట్టుకున్నాడు. తేదీ చూస్తేనే సంగతి అర్థమవుతుంది. రాజదండం పాత నీళ్ల ట్యాంకు బాల్‌కాక్, రాగి గొట్టంతో చేయించాడు. తన గుర్రాన్ని ప్రధానమంత్రిని చేశాడు. పాస్‌పోర్టులు, బిరుదులు డబ్బులకి అమ్మాడు. చట్టం దృష్టిలో వీటికి ఏ విలువా లేదు. హే ఒక్క రోజు కూడా బ్రిటన్ నుంచి విడిపోలేదు.

మరి ఉత్త పబ్లిసిటీ స్టంటేనా? ఇక్కడే అభిప్రాయాలు చీలతాయి. బూత్‌ని మెచ్చుకునేవాళ్లు దీన్ని నవ్వులాటలో చుట్టిన రాజకీయ వాదమంటారు. గ్రామీణ వేల్స్ అభివృద్ధికని ప్రభుత్వం పెట్టిన బోర్డులు, టూరిజం సంస్థ మీద ఆయన కరపత్రాలు అచ్చేసి మరీ విరుచుకుపడేవాడు. ఎక్కడో ఆఫీసులో కూర్చున్న అధికారులు ఫ్యాక్టరీలకి సబ్సిడీలిచ్చి పల్లెల్ని బాగుచేయలేరు, ఊరి మనుషులు తమ చేతిలో ఉన్న పనితోనే బతకాలి అనేది ఆయన వాదన. విమర్శించేవాళ్లు వేరే మాట చెబుతారు. ఆయన వ్యాపారం లెక్కాపత్రం లేనిదని, పేరంతా తనకే రావాలనుకునేవాడని, షాపులు నిలబడింది ఓపిగ్గా లెక్కలు చూసుకున్న మిగతా వ్యాపారుల వల్లనని. 2009లో కొందరు దుకాణదారులు బటర్ మార్కెట్ దగ్గర ఆయన దిష్టిబొమ్మని విచారించి తల నరికి, రాచరికం రద్దన్నారు. అదీ ఆటే. కానీ ఊరికి ప్రచారం చేయడంలో రాజుగారు ఇప్పుడేం చేస్తున్నారన్న కోపం అందులో కొంత నిజంగానే ఉంది. ఆయనకి 2004లో బ్రిటన్ ప్రభుత్వం ఎంబీఈ అనే బిరుదు ఇచ్చింది. పక్క రాజ్యపు రాణి ఇచ్చిన బిరుదు కదా, పుచ్చుకున్నాడు. 2019 ఆగస్టులో కన్నుమూశాడు.

రెండు వాదనల్లోనూ నిజముందని నాకనిపిస్తుంది. కిరీటం లేకపోయినా పుస్తకాలు అమ్ముడుపోయేవేమో. కానీ ఇంతమంది ఇంత దూరం వచ్చేవారు కాదు.

ఉత్సవం వేరు, దుకాణాలు వేరు

హే ఫెస్టివల్ మొదలైంది 1988లో, అంటే మొదటి షాపు వచ్చిన పాతికేళ్లకి. పెట్టింది బూత్ కాదు, నార్మన్ ఫ్లారెన్స్, ఆయన భార్య రోడా, కొడుకు పీటర్. 2001లో బిల్ క్లింటన్ వచ్చాక ప్రపంచానికి తెలిసింది. మొదట్లో ఊళ్లోని హాళ్లలో, స్కూల్లో జరిగేది. 2005లో ఊరి అంచున పొలాల్లోకి మారింది. కోవిడ్ ముందు ఏడాదుల్లో రెండు లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యేవి. 1,600 మంది ఉండే ఊరికి అదెంత ఒత్తిడో ఊహించొచ్చు.

దీని ఆర్థిక తర్కం దుకాణాల తర్కానికి దాదాపు వ్యతిరేకం. ఫెస్టివల్‌లో మాట్లాడే రచయిత కొత్త పుస్తకం అమ్ముకోవడానికి వస్తాడు. ఊళ్లో షాపులు బతికేది పాత పుస్తకాల మీద. జనం పది రోజుల్లో వచ్చిపడతారు, షాపులకి ఏడాది పొడుగునా గిరాకీ కావాలి. అందుకే బూత్‌కి ఆ ఉత్సవం మీద సదభిప్రాయం లేదు. మరోవైపు హోటళ్లు, గదులు అద్దెకిచ్చే ఇళ్లు, కెఫేలకి ఆ పది రోజుల ఆదాయం పెద్ద దన్ను. ఉత్సవం పుణ్యమా అని ఊరి పేరు విన్నవాళ్లు మిగతా నెలల్లో షాపులకి వస్తారన్నది కూడా కొట్టిపారేయలేని వాదన.

2024లో వచ్చిన స్పాన్సర్ వివాదం ఇంకో ముడి. పెట్టుబడుల సంస్థ బేలీ గిఫర్డ్‌కి శిలాజ ఇంధనాల కంపెనీల్లో, ఇజ్రాయెల్‌తో సంబంధమున్న కంపెనీల్లో వాటాలున్నాయని ఒక ప్రచారోద్యమం నడిచింది. గాయని షార్లెట్ చర్చ్, కమెడియన్ నీష్ కుమార్ తదితరులు కార్యక్రమాల నుంచి తప్పుకున్నారు. హే ఫెస్టివల్ ఆ స్పాన్సర్‌షిప్‌ని నిలిపేసింది. తమ ఖాతాదార్ల డబ్బులో శిలాజ ఇంధనాలతో సంబంధమున్నది 2 శాతమేనని కంపెనీ చెప్పుకుంది. సాహిత్య వేదిక తన డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవాలని ఉద్యమకారులన్నారు. ఇలా ఒక్కో స్పాన్సర్‌నీ తరిమేస్తే చిన్న ఉత్సవాలు మూతపడతాయని, బడి పిల్లలకిచ్చే ఉచిత కార్యక్రమాలే ముందు పోతాయని అవతలివాళ్లన్నారు.

హే నమూనా మాత్రం చాలా చోట్లకి పాకింది. బెల్జియంలో రెదూ 1984లో, స్కాట్లండ్‌లో విగ్‌టౌన్ 1998లో పుస్తకాల ఊళ్లయ్యాయి. ఉత్సవం 2010లో తిరువనంతపురం దాకా వచ్చింది. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం మహాబలేశ్వర్ దగ్గర స్ట్రాబెర్రీలు పండించే భిలార్ గ్రామాన్ని, హేని చూసే, పుస్తకాల ఊరిగా చేసింది. ఇళ్లలో, గుళ్లలో పుస్తకాలు పెట్టారు, ఎవరైనా వచ్చి కూర్చుని చదువుకోవచ్చు. తేడా ఒకటుంది. భిలార్‌ది ప్రభుత్వం పెట్టిన గ్రంథాలయం. అక్కడ పుస్తకం చదివించడానికి పెట్టారు, అమ్మడానికి కాదు. ప్రభుత్వ బోర్డుల్ని ఏకిపారేసిన బూత్ దీన్ని చూసి ఏమనేవాడో!

నదికి ఏమైంది

వై నదికి బ్రిటన్‌లో చట్టపరంగా గట్టి రక్షణే ఉంది. అయినా 2023లో ఇంగ్లండ్ ప్రకృతి సంరక్షణ సంస్థ దాని స్థాయిని 'బాగాలేదు, క్షీణిస్తోంది' అనే వర్గంలోకి దించింది. ఎండాకాలం నీళ్లు పచ్చగా, చిక్కగా మారుతున్నాయి. నీటి అడుగున జడల్లా ఊగుతూ తెల్లటి పూలు పూసే క్రోఫుట్ మొక్క చాలా చోట్ల మాయమైంది. సాల్మన్ చేపలు తగ్గిపోయాయి.

కారణంలో ప్రధానమైన మాట ఫాస్ఫరస్. అది విషం కాదు, ఎరువు. సమస్య ఎక్కడంటే మోతాదులో. వై, దాని ఉపనదుల పరీవాహక ప్రాంతంలో ఏ రోజు చూసినా 2 కోట్ల పైగా కోళ్లున్నాయని అంచనా. వాటి దాణాలో ఎక్కువ భాగం బయటి నుంచి వస్తుంది. దాణాతో పాటు ఫాస్ఫరస్ లోయలోకి వస్తుంది. కోడి మాంసంగా, గుడ్లుగా కొంత బయటికి పోతుంది, మిగతాది కోళ్ల ఎరువులో ఉండిపోతుంది. ఆ ఎరువు చుట్టుపక్కల పొలాలకే వేస్తారు, ఎందుకంటే దూరం మోసుకెళ్లడం ఖర్చు. పైరు తనకు కావలసినంతే తీసుకుంటుంది. మిగిలింది ఏటికేడు మట్టిలో పేరుకుంటుంది. గట్టి వాన పడితే మట్టితో పాటు కొట్టుకొచ్చి నదిలో చేరుతుంది. దాన్ని తిని నాచు పెరుగుతుంది, వెలుతురు అడ్డుకుంటుంది. క్రోఫుట్ చనిపోతుంది. రాత్రిళ్లు నాచు ప్రాణవాయువు పీల్చుకుంటుంటే చేపలకి ఊపిరాడదు.

దీనికి బాధ్యులెవరన్నదే గొడవ. పర్యావరణవాదులు కోళ్ల షెడ్లకి ఎడాపెడా అనుమతులిచ్చిన కౌన్సిళ్లని, షెడ్ల వెనకున్న పెద్ద కంపెనీలని తప్పుపడతారు. రైతులు మురుగు శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే ఫాస్ఫరస్‌ని, వేడెక్కుతున్న వేసవుల్ని, తగ్గిన నీటి మట్టాన్ని చూపిస్తారు. చవకగా చికెన్ కావాలన్నది సూపర్‌మార్కెట్లు, కొనేవాళ్లే కదా అంటారు. ఎక్కువ వాటా వ్యవసాయానిదేనని అధ్యయనాలు చెబుతున్నా, మురుగు వాటా కూడా కొట్టిపారేసేంత చిన్నది కాదు. పైగా ఒకటుంది. ఇవాళ కోళ్లన్నిటినీ తీసేసినా మట్టిలో ఇప్పటికే పేరుకున్నది ఏళ్ల తరబడి నదిలోకి వస్తూనే ఉంటుంది. ఎరువుని లోయ బయటికి తరలించడం మొదలైంది కానీ, పేరుకున్నదానికి అది మందు కాదు.

ఇక్కడా వాగు హద్దు అడ్డొస్తుంది. నది ఒకటే, నియంత్రించే సంస్థలు రెండు. పై భాగం వేల్స్ సంస్థ కింద, కింది భాగం ఎక్కువగా ఇంగ్లండ్ సంస్థల కింద. షెడ్లకి అనుమతి పైన ఒక కౌన్సిల్ ఇస్తుంది, దాని ఫలితం కింద ఇంకో కౌన్సిల్ పరిధిలో కనిపిస్తుంది.

2021లో వేల్స్ సంస్థ తమ దేశంలోని రక్షిత నదుల్ని లెక్క తీస్తే 60 శాతానికి పైగా భాగాల్లో ఫాస్ఫరస్ పరిమితి దాటింది. దాంతో ఇళ్ల మీద కూడా ఆంక్షలొచ్చాయి. అలాంటి చోట కొత్త ఇల్లు కట్టాలంటే దాని మురుగు వల్ల నదిలో ఫాస్ఫరస్ పెరగదని చూపించాలి. హేలో ఇది మామూలు సమస్య కాదు. పేరున్న ఊరు కాబట్టి సెలవులకి వచ్చేవాళ్లు ఇళ్లు కొంటున్నారు, అద్దెలు పెరుగుతున్నాయి, షాపులో పనిచేసే కుర్రాడికి ఊళ్లో ఇల్లు దొరకడం కష్టమవుతోంది. 2023 ఏప్రిల్ నుంచి వేల్స్‌లో కౌన్సిళ్లు రెండో ఇంటి మీద మామూలు కౌన్సిల్ పన్నుకి తోడు 300 శాతం దాకా అదనంగా వేయొచ్చు. వాగు అవతల ఇంగ్లండ్‌లో ఆ అదనం 100 శాతం మించకూడదు, అదీ 2025 నుంచే. హేలో రెండో ఇల్లు కొనాలనుకున్నవాళ్లు క్యూసాప్ వైపు చూస్తే ఆశ్చర్యం లేదు.